లెన్సు వెనక ఖాళీ

చిన్నదిగా ఉండాలి. పొద్దుగూకాక కూడా పనికిరావాలి. పాతదై ఉండాలి. జేబుకు బరువు కాకూడదు, తూకంలోనూ, ధరలోనూ. మా మనవరాలు ఈమధ్య కొన్న మిర్రర్‌లెస్ కెమెరాకు ఒక పాత లెన్సు వెతికిపెట్టమంటూ నా ముందు పెట్టిన షరతులివి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుంది కదూ! ధర సంగతీ, పాతదన్న సంగతీ ఎలాగో కుదురుతాయి గానీ, మొదటి రెండు షరతులకూ పుట్టుకతోనే పడదు. ఎందుకు పడదో తెలుసుకుంటే ఏది కొనాలో దానంతటదే తేలుతుంది. రండర్రా, మీరూ కూర్చోండి.

లెన్సు ముందు అంచు మీద 50 మి.మీ. అనీ, పక్కనే 1:1.8 అనీ రాసి ఉంటుంది. మొదటిది ఫోకల్ లెంగ్త్. దూరాన ఉన్న చెట్టు బొమ్మ లెన్సుకు ఎంత వెనకాల స్పష్టంగా పడుతుందో ఆ కొలత అనుకోండి. యాభైని 1.8తో భాగిస్తే దాదాపు 28 వస్తుంది. అంటే ఆ లెన్సులో వెలుతురు వచ్చే దారి వెడల్పు 28 మి.మీ. అన్నమాట. ఇంట్లో కిటికీ సంగతి చూడండి. వెనక గోడ మీద ఎంత వెలుగు పడుతుందన్నది కిటికీ ఎంత పెద్దదన్న దాని మీదే ఉండదు, గోడ ఎంత లోతున ఉందో కూడా చూడాలి. చిన్న గదిని ఇట్టే వెలిగించే కిటికీ పొడుగాటి సావిట్లో పెడితే చివరంతా మసకే. ఎఫ్ సంఖ్య చెప్పేది ఈ లోతుకూ వెడల్పుకూ ఉన్న లెక్క. సంఖ్య చిన్నదైన కొద్దీ లోపల వెలుగు ఎక్కువ. ఆ వెలుగుతో షట్టర్ చప్పున మూసుకోవచ్చు కనక అలాంటి వాటిని ఫాస్ట్ లెన్సులంటారు.

ఎఫ్/2 నుంచి ఎఫ్/1.4కు వెళ్తే వెలుతురు రెట్టింపు. సంఖ్య సగం కాలేదు గదా అని మా మనవరాలు తగువు పెట్టుకుంది. వెలుతురు వచ్చేది వైశాల్యాన్ని బట్టి. వెడల్పు 1.4 రెట్లయితే వైశాల్యం రెండు రెట్లవుతుంది. అందుకే 1.4, 2, 2.8, 4 అంటూ ఆ వరస అంత వింతగా నడుస్తుంది.

ఇదంతా ఎందుకు ముఖ్యమంటే, మిట్టమధ్యాహ్నపు ఎండకూ రాత్రి ఇంట్లో బల్బు వెలుగుకూ తేడా సుమారు వెయ్యి రెట్లు. మన కన్ను తనంతట తాను సర్దుకుపోతుంది కనక ఆ సంగతి మనకు తెలియదు. ఫిల్ముకు అలా సర్దుకోవడం చేతకాదు. 400 ఐఎస్ఓ (వెలుతురును పట్టుకునే చురుకుకు కొలత అది) ఫిల్ము పెట్టి, బల్బు వెలుగులో ఎఫ్/4 దగ్గర ఫొటో తీయాలంటే షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచాలి. అంతసేపు ఏ పిల్లాడు కదలకుండా కూర్చుంటాడు? అదే ఎఫ్/2 అయితే ముప్పయ్యో వంతు చాలు, చెయ్యి నిలకడగా ఉంటే బొమ్మ దక్కుతుంది. మన చిన్నప్పటి ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరాతో తీసిన ఫొటోలన్నీ పెరట్లోనో, డాబా మీదో, ఎండలో కళ్లు చికిలించి నిలబడినవే ఎందుకయ్యాయనుకున్నారు? ఆ కెమెరాకు లోపలి గదుల్లో చూపు ఆనదు.

ఇప్పటి కెమెరా సెన్సర్లు 3200 ఐఎస్ఓ దగ్గర కూడా మర్యాదగల బొమ్మ ఇస్తాయి. ఆ లెక్కన బల్బు కింద ఎఫ్/4తోనే అరవయ్యో వంతు సెకను దొరుకుతుంది. మరి ఫాస్ట్ లెన్సుతో పనేముంది అంటారా? ఉంది. ముఖం ఒక్కటే తేటగా ఉండి, వెనక ఉన్నదంతా మెత్తగా కరిగిపోయే ఆ సొగసు ఎఫ్ సంఖ్యతో కన్నా రంధ్రం అసలు వెడల్పుతో వస్తుంది. దీనికో ముచ్చటైన లెక్కుంది. మనిషి ముఖం మీద ఫోకస్ పెట్టారు, చాలా దూరాన ఒక వీధి దీపం వెలుగుతోంది. ఫొటోలో ఆ దీపం ఒక గుండ్రటి వెలుగు బిళ్లగా పడుతుంది. ఆ బిళ్లను ముఖం పక్కన పెట్టి అదే కొలతతో కొలిస్తే, దాని వెడల్పు సరిగ్గా మీ లెన్సు రంధ్రమంత! 28 మి.మీ. రంధ్రమైతే 28 మి.మీ. బిళ్ల. ఫోకల్ లెంగ్త్ ఎంతైనా, ముఖం ఎంత దూరాన ఉన్నా ఇదే. ఫోన్ వాళ్లు కూడా ఎఫ్/1.8 అని గొప్పగా రాసుకుంటారు. ఫోన్ లెన్సు ఫోకల్ లెంగ్త్ ఏడు మి.మీ. ఉంటే దాని రంధ్రం నాలుగు మి.మీ. కూడా ఉండదు. అందుకే ఫోనులో వెనక మసకను లెక్కలు కట్టి, పైపూతగా పూయాల్సి వస్తోంది.

సరే, రంధ్రం పెద్దదే కావాలి. అయితే గాజు కూడా కనీసం అంత వెడల్పు ఉండాలి, అది తప్పించుకోలేనిది. అసలు బాధ ఆ తర్వాత మొదలవుతుంది. గుండ్రంగా అరగదీసిన గాజుకు ఒక జబ్బుంది. నడిమి నుంచి వెళ్లిన కిరణాలూ, అంచుల నుంచి వెళ్లిన కిరణాలూ ఒకే చోట కలవవు. ఈ చెదురు రంధ్రం వెడల్పుకు ఘనంగా పెరుగుతుంది. అంటే వెడల్పు రెట్టింపు చేస్తే చెదురు ఎనిమిది రెట్లు. ఎఫ్/2.8 లెన్సును ఎఫ్/1.4 చేయడమంటే రెండింతల గాజు పెట్టడం కాదు, ఎనిమిదింతల మొండి జబ్బుకు వైద్యం చేయడం. ఆ వైద్యం మరిన్ని అద్దాలతోనే జరగాలి. ఒక అద్దం చేసిన తప్పును ఇంకో అద్దం వ్యతిరేక దిశలో చేసి దిద్దాలి.

జర్మనీలోని యేనాలో జైస్ కంపెనీకి పనిచేసిన పాల్ రుడాల్ఫ్ 1902లో నాలుగే నాలుగు అద్దాలతో టెస్సార్ అనే లెన్సు గీశాడు. చిన్నది, చురుకైనది. కానీ ఎఫ్/2.8 దాటి పోవడం దానికి కష్టం. అంతకు ముందే, 1896లో, ఈయనే ఆరు అద్దాల ప్లానార్ గీశాడు. ఇప్పటి ఎఫ్/1.8, ఎఫ్/1.4 లెన్సుల్లో నూటికి తొంభై దాని వంశమే అన్నా తప్పు కాదు. విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లో టెస్సార్ ఊరేగింది, ప్లానార్ మూలపడింది. కారణం గాజు మీది మెరుపు.

కిటికీ గాజు ఎదుట నిలబడితే మన నీడ కనిపిస్తుంది కదా, అంటే వచ్చిన వెలుగులో కొంత వెనక్కి తిరిగిపోతోంది. గాలీ గాజూ కలిసే ప్రతి చోటా నూటికి నాలుగైదు పాళ్ల వెలుతురు ఇలా తిరుగుముఖం పడుతుంది. ప్లానార్‌లో అలాంటి చోట్లు ఎనిమిది. మొత్తం మీద మూడో వంతు దాకా పోతుంది. పోయింది పోయినట్టు పోతే గొడవ లేదు. అద్దాల మధ్య అటూ ఇటూ కొట్టుకుని, చివరికి ఫిల్ము మీదే తెల్లటి పొరలా పడుతుంది. నలుపు నలుపుగా ఉండదు, బొమ్మంతా పలచబడుతుంది.

దీనికి మందు దొరికిన తీరు చెప్తాను. హెరాల్డ్ డెనిస్ టేలర్ అని ఇంగ్లండులో యార్క్ పట్నంలో టెలిస్కోపులు చేసే కంపెనీలో ఉండేవాడు. గాలి తగిలి ఏళ్ల తరబడి రంగు మారిన పాత లెన్సులు కొత్తవాటికన్నా ఎక్కువ వెలుతురు పంపుతున్నాయని 1890లలో ఆయన గమనించాడు. మనమైతే మకిలి పట్టిందని తోమేసేవాళ్లం. గాజు మీద ఏర్పడిన ఆ పలచని పొరే మెరుపును చంపుతోందని ఆయన పోల్చుకున్నాడు. ఆమ్లాలతో గాజుకు కావాలని మకిలి పట్టించే ప్రయత్నాలూ చేశాడు గానీ, అది ఒకసారి వచ్చేది, ఒకసారి రాకపోయేది. 1935లో జైస్‌లో పనిచేస్తున్న ఉక్రెయిన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకుల గాలి తీసేసిన పాత్రలో గాజు మీద లవణపు ఆవిరి పట్టించి, నమ్మకంగా పూత వేయడం చేసి చూపించాడు. పూత మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. వెలుగు అలలో నాలుగో వంతు మందమన్నమాట. పూత పైనుంచి తిరిగొచ్చే అలా, కింద గాజు నుంచి తిరిగొచ్చే అలా ఎదురెదురై ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పాత లెన్సును వంచి చూస్తే ఊదాగానో, తేనె రంగుగానో మెరిసేది ఈ పూతే. 1971లో పెంటాక్స్ వాళ్లు ఏడు పొరల పూత తెచ్చారు. సూపర్ మల్టీ కోటెడ్ అని లెన్సు మీద పొడుగ్గా రాసుకుంటారు, రాసుకోదగ్గ పనే.

పూతలు రాకముందే, అద్దాలను ఒకదానికొకటి అతికించేస్తే గాలి తగిలే చోట్లే తగ్గుతాయి కదా అని ఆలోచించినవాడు లుడ్విగ్ బెర్టెలే. నిండా పాతికేళ్లు రాకముందే ఎర్నోస్టార్ అనే ఎఫ్/2 లెన్సు గీశాడు. ఎర్మనాక్స్ కెమెరాకు అది తగిలించుకుని ఎరిక్ సాలమన్ అనే, లా చదివిన బెర్లిన్ వాసి కోర్టుల్లోకీ, దేశాధినేతల మంతనాల్లోకీ దూరి, ఫ్లాష్ లేకుండా ఎవరికీ తెలియకుండా ఫొటోలు తీశాడు. ఒకసారి టోపీలో, ఒకసారి చేతిపెట్టెలో కెమెరా దాచేవాడట. పేపర్లలో మంత్రులు ఆవలిస్తూ, గుసగుసలాడుతూ కనబడటం అప్పటి నుంచే. పాపం, యూదుడైనందుకు ఆ సాలమన్‌ను నాజీలు ఆష్విట్జ్‌లో చంపేశారు.

బెర్టెలే 1932లో జైస్ కాంటాక్స్ కెమెరా కోసం సోనార్ గీశాడు. 50 మి.మీ., ఎఫ్/2, ఆరు అద్దాలు, కానీ మూడే కట్టలు. గాలి తగిలే చోట్లు ఆరే. కంప్యూటరు ఊసే లేని రోజులవి, ఒక్కో కిరణం దారినీ లాగరిథం పట్టికలు దగ్గర పెట్టుకుని చేత్తో లెక్క కట్టాలి. చిన్నదీ, ఫాస్టూ, ధగధగలాడే బొమ్మ. మనవరాలు అడిగిన లెన్సు అప్పుడే పుట్టేసింది. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి నష్టపరిహారం కింద సామగ్రీ, నమూనాలూ సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి. అక్కడ అదే సోనార్ జూపిటర్-8 అన్న పేరుతో ఏళ్ల తరబడి తయారైంది. ఇప్పటికీ పాత లెన్సుల బేరాల్లో తక్కువ ధరకు దొరికే నిఖార్సయిన సరుకు అది.

మరి అంత మంచి సోనార్ మన స్టూడియోల్లోని పెంటాక్స్, నికాన్ కెమెరాలకు 50 మి.మీ.గా ఎందుకు రాలేదు? గాజు వెనకాల ఖాళీ లేక. కాంటాక్స్, లైకా లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో, అంటే చూసే కిటికీ లెన్సుతో పని లేకుండా విడిగా ఉండేవాటిలో, లెన్సు వెనక భాగం దాదాపు ఫిల్ము దాకా జరగొచ్చు. ఎస్ఎల్ఆర్ కెమెరాలో మధ్యన ఒక అద్దం ఉంటుంది. బొమ్మను పైకి మళ్లించి మన కంటికి చూపించేది అదే. మీట నొక్కగానే టక్కున పైకి లేస్తుంది. అది లేవడానికి చోటు విడవాలి కనక లెన్సు ముందుకు జరిగి కూర్చోవాలి. సోనార్‌కు అలా జరగడం కుదరదు. ప్లానార్ వంశానికి కుదురుతుంది, అదీ కొంచెం ఇబ్బందిగానే. 1936లో 35 మి.మీ. ఫిల్ముతో వచ్చిన ఎక్సాక్టా కెమెరాకు జైస్ ఇచ్చిన బయోటార్ 50 కాకుండా 58 మి.మీ. అవడం ఈ ఇబ్బంది వల్లే. దాని రష్యన్ నకలే, వెనక ఆకులు సుడి తిరిగినట్టు చూపిస్తుందని కుర్రకారు వెంటపడే హీలియోస్-44. నాకు ఆ సుడి అంటే పెద్ద మోజు లేదు. ప్రతి ఫొటోలోనూ లెన్సే మాట్లాడుతుంటే మనిషి ఎప్పుడు మాట్లాడాలి?

ఇక 28, 35 మి.మీ. లెన్సులకైతే అద్దం దాటడం మరీ కష్టం. లెన్సు ముందు పెద్ద గాజొకటి పెట్టి, టెలిస్కోపును తిరగేసినట్టు కట్టాలి. ఫ్రాన్స్‌లో పియర్ ఆంజెన్యూ 1950లో ఈ పని చేసి చూపించాడు. పని జరిగింది, లెన్సు లావైంది. అందుకే పాత ఎస్ఎల్ఆర్ లెన్సుల్లో చిన్నదీ, ఫాస్టూ రెండూ కావాలంటే 40 నుంచి 55 మి.మీ. మధ్యే వెతకాలి. ఆ రోజుల్లో కెమెరా కొంటే ఇలాంటి లెన్సు దానితోనే వచ్చేది. లక్షలకు లక్షలు తయారయ్యాయి కనకే ఇప్పుడు అంత చవక. మీ ఊళ్లో పాత స్టూడియో ఆయన అటక మీద పెంటాక్స్ కె1000 ఒకటి ఉండకపోదు, దాని ముందు 50 మి.మీ. లెన్సూ ఉండకపోదు. అడిగి చూడండి.

అయితే 1.4 కొనాలా, 1.8 కొనాలా? పెంటాక్స్ ఎం వరసలోనే చూద్దాం. 50 మి.మీ. ఎఫ్/1.4 బరువు దాదాపు 240 గ్రాములు, ఎఫ్/1.7 అయితే 185. ఆ అదనపు బరువుకు దొరికే వెలుతురు ఒకటిన్నర రెట్లు కూడా కాదు. పైగా పాత ఎఫ్/1.4 లెన్సులు పూర్తిగా తెరిస్తే బొమ్మ చుట్టూ సన్నటి పొగలాంటి మెరుపు వస్తుంది, ఇందాక చెప్పిన ఘనం లెక్క అక్కడ పగ తీర్చుకుంటుంది. రోజూ సంచిలో మోసేదానికి నా ఓటు 1.7, 1.8, 2 వీటికే. 1.4 అన్న అంకె చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు. మిర్రర్‌లెస్ కెమెరాలో అద్దం పోయింది. సెన్సర్ నుంచి లెన్సు కూర్చునే అంచు దాకా ఉన్న దూరం సోనీలో 18 మి.మీ. మాత్రమే. పాత ఒలింపస్ ఓఎం కెమెరాలో అది 46. ఆ లెన్సు సోనీ మీద పనిచేయాలంటే తేడా 28 మి.మీ.ను ఒక ఖాళీ గొట్టంతో పూడ్చాలి. అడాప్టర్ అంటే అదే. లోపల గాజు లేదు, ఏమీ లేదు. లేని అద్దానికి చోటు విడిచిపెట్టి ఊరేగిస్తున్నామన్నమాట! పెంటాక్స్ ఎం 40 మి.మీ. ఎఫ్/2.8 అని ఒక లెన్సుంది, మందం 18 మి.మీ., బరువు 110 గ్రాములు. బల్ల మీద పెట్టి చూస్తే ముద్దొస్తుంది. సోనీ మీద పెట్టాలంటే దాని వెనక 27.5 మి.మీ. గొట్టం తగిలించాలి. మొత్తం 45 దాటింది. ముద్దంతా గొట్టంలోకి పోయింది.

దీనికి భిన్నంగా లైకా ఎం లెన్సులకు కావలసిన దూరం 27.8 మి.మీ. మాత్రమే, అడాప్టర్ పది మి.మీ.కు లోపే. 1973లో లైకాలు చేసే లైట్జ్, మినోల్టా కలిసి తెచ్చిన లైకా సీఎల్ కెమెరాకు 40 మి.మీ. ఎఫ్/2 లెన్సుండేది. జర్మనీలో సుమిక్రాన్-సీ, జపాన్‌లో ఎం-రోకర్ అన్న పేర్లతో వచ్చింది. పొడవు సుమారు 25 మి.మీ. అడాప్టర్ కలిపినా 35. బల్ల మీద పెంటాక్స్‌కన్నా పెద్దది, కెమెరా మీద చిన్నది, పైగా వెలుతురు రెట్టింపు. కొనేటప్పుడు లెన్సు ఒక్కదాన్నే కాదు, గొట్టంతో కలిపి కొలవాలని మనవరాలికి నేను మొదట చెప్పింది ఇదే.

మరి అదే కొనిపించారా తాతయ్యా అంటారేమో. రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, లైకా అన్న పేరు తగిలితే ధర ఎక్కేస్తుంది. రెండోది అంతకన్నా పెద్దది. రేంజ్‌ఫైండర్ లెన్సులు దగ్గరి వస్తువులను చూడలేవు. ఈ 40 మి.మీ. కనిష్ఠ దూరం 80 సెంటీమీటర్లు, జూపిటర్-8కు పూర్తిగా మీటరు. ఆ కెమెరాల్లో దూరం కొలిచే యంత్రాంగం అంతకన్నా దగ్గరికి రానివ్వదు. లెన్సును ముందుకు జరిపే మరతో ప్రత్యేకమైన అడాప్టర్లు దొరుకుతాయి గానీ, అదో ఖర్చు. మా మనవరాలు తీసేవేమో టిఫిన్ ప్లేటూ, గుమ్మంలో ముగ్గూ, ఒళ్లో పిల్లీ. వీటికి ఎస్ఎల్ఆర్ లెన్సులు నయం, 45 సెంటీమీటర్ల దాకా వస్తాయి.

ఇన్ని వడపోతల తర్వాత మిగిలింది కోనికా హెక్సనాన్ ఏఆర్ 40 మి.మీ. ఎఫ్/1.8. 1970ల చివర్లో వచ్చింది. మందం సుమారు 27 మి.మీ., బరువు 140 గ్రాములు. ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో కోనికా వాళ్లది అన్నిటికన్నా తక్కువ దూరాల్లో ఒకటి, 40.5 మి.మీ. కాబట్టి గొట్టం 22.5కే సరిపోతుంది. మొత్తం కలిపి అయిదు సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్ల దగ్గరి చూపు, 22 మి.మీ. రంధ్రం. ఆ తక్కువ దూరమే ఒకప్పుడు దీని శాపం. కోనికా ఎస్ఎల్ఆర్‌లు చేయడం మానేశాక, ఈ లెన్సులను కానన్, నికాన్ డిజిటల్ ఎస్ఎల్ఆర్‌ల మీద పెట్టి దూరాన ఉన్నదాన్ని తేటగా చూపించే దారి లేకపోయింది, అందుకు లెన్సు కెమెరా లోపలికి జరిగి కూర్చోవాల్సి వస్తుంది. అడిగే దిక్కు లేక చవకగా పడి ఉండేవి. అద్దం పోయాక దానికి మంచి రోజులొచ్చాయి. ఎఫ్/1.8 దగ్గర మూలలు కాస్త మెత్తన, ఎఫ్/4కు చక్కబడతాయి. మూలల్లో ఏముంటుంది లెండి, గోడే కదా. అది దొరక్కపోతే ఒలింపస్ ఓఎం 50 మి.మీ. ఎఫ్/1.8. గొట్టంతో ఆరు సెంటీమీటర్లవుతుంది గానీ, మేలైన లెన్సు, ఎక్కడైనా దొరుకుతుంది. ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మంత సెన్సర్) కాక, ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ కెమెరా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అందులో 40 మి.మీ. చూపు 60లా ఇరుకవుతుంది, 50 అయితే 75. ఇంట్లో తీయడానికి 40 నయమన్నది వాళ్ల విషయంలో మరీ నిజం.

పాత సరుకు కొనేటప్పుడు చూడాల్సింది ప్రధానంగా బూజు. మన కోస్తాలో, విశాఖ, కాకినాడ గాలికి, గాజు మీద సాలెగూడు దారాల్లా పాకుతుంది. అది వదిలే ఆమ్లం పూతనూ, ముదిరితే గాజునూ తినేస్తుంది. తుడిచినా గుర్తు పోదు. లెన్సును పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దారాలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే పట్టించుకోకండి, ఫొటోలో పడవు. లోపల తెల్లటి పొగలా ఉంటే మాత్రం బొమ్మ పలచబడుతుంది. రంధ్రాన్ని మూసే ఆకుల మీద కాస్త నూనె జిడ్డుంటే అమ్మేవాడితో బేరం ఆడటానికి పనికొస్తుంది. అడాప్టర్ మీద ఆకులను మనమే చేత్తో తిప్పుకుంటాం కనక, అవి రెప్పపాటులో మూసుకోకపోయినా నష్టం లేదు. ఇంటికి తెచ్చాక తోలు సంచి పారేయండి, తేమకు అదే పుట్టిల్లు. గాలి చొరని డబ్బాలో నీలం సిలికా జెల్ పూసలతో ఉంచండి. పూసలు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. వంట బాణలిలో మాత్రం వద్దు, ఆ నీలం కోబాల్ట్ లవణానిది.

ఇంకొకటి. పెంటాక్స్ వాళ్ల పాత టకుమార్ ఎఫ్/1.4 లాంటి కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవారు. గాజు కాంతిని బాగా వంచాలి, రంగులను మాత్రం విడదీయకూడదు. ఆ రెండూ కుదిరించేది థోరియం ఆక్సైడ్. కానీ అది రేడియోధార్మికం. సగం తరగడానికి 1,400 కోట్ల సంవత్సరాలు పడుతుంది, ఈ విశ్వం వయసే అంత లేదు. దాని కిరణాల దెబ్బకు గాజులోని ఎలక్ట్రాన్లు చోటు తప్పి ఇరుక్కుని, లెన్సు టీ రంగుకు తిరుగుతుంది. కొన్నాళ్లు అతినీలలోహిత దీపం కింద పెడితే అవి మళ్లీ సొంత చోటికి చేరి పసుపు విరుగుతుంది. కెమెరాకు తగిలించి వాడితే భయపడేంత ఏమీ లేదు. కంటికి ఆనించి భూతద్దంలా చూడటం, గాజు అరగదీయడం మాత్రం చేయకండి.

లెన్సు ఇంటికొచ్చి, అడాప్టర్ బిగించి మీట నొక్కితే కెమెరా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. లెన్సు చెడిపోయిందని కంగారుపడొద్దు. పాత లెన్సుకు విద్యుత్ తీగలు లేవు, అసలు లెన్సే లేదనుకుంటోంది కెమెరా. మెనూలోకి వెళ్లి, లెన్సు లేకుండా షట్టర్ అన్నదాన్ని ఆన్ చేయండి. వణుకు ఆపే సదుపాయం కెమెరాలోనే ఉంటే, ఫోకల్ లెంగ్త్ 40 అని మీరే దానికి చెప్పాలి. ఫోకస్ చేత్తోనే. ఎఫ్/1.8 దగ్గర కనురెప్పలు తేటగా ఉండి చెవులు కరిగిపోతాయి, కాబట్టి బొమ్మను పెద్దది చేసి కంటి మీద సరిచూసుకుని, అప్పుడు నొక్కండి. నలుగురున్న ఫొటోకు ఎఫ్/5.6కు మూసేయండి, లేకపోతే వెనక వరసలో నిలబడ్డ బాబాయి మసకబారి, తర్వాత మీతో దెబ్బలాటకొస్తాడు.